పాట నాన్న దగ్గర ఆగింది

ఆ రోజుల్లో మా ఇంట్లో నాన్నను ఏదైనా అడగాలంటే ముందు అమ్మకు చెప్పాలి, అమ్మ వెళ్ళి నానమ్మతో అనాలి, నానమ్మ మంచి సమయం చూసి నాన్న చెవిన వెయ్యాలి. ఇన్ని చేతులు మారి వెళ్ళిన మాటకు నాన్న దగ్గర ఒకటే జవాబు ఉండేది: "చూద్దాంలే." (ఆ రోజులంటే ఏ తాతల కాలమో అనుకునేరు, అయిదేళ్ళ కిందటి సంగతి. ఇరవయ్యేళ్ళ పిల్ల అప్పుడే "ఆ రోజుల్లో" అంటోందని నవ్వుకుంటే నవ్వుకోండి, నిన్న మధ్యాహ్నం నుంచి నాకా హక్కు వచ్చింది. ఎలా వచ్చిందో పొర మీద పొర చుట్టి దాచి, ఆఖరున విప్పి చూపిద్దామనుకున్నాను గానీ మొదటి పేరా కూడా దాటేలా లేను. డిగ్రీ పాసయ్యానండీ. మా నాన్న వైపు గానీ, అమ్మ వైపు గానీ డిగ్రీ అన్న మాట ఇంట్లోకి రావడం ఇదే మొదలు. సరే, చెప్పేశాను కాబట్టి ఇప్పుడు నెమ్మదిగా అసలు కథ చెప్పుకుంటాను.)

మాది ఆత్రేయపురం పక్కన కాలవ దాటాక వచ్చే ఊరు. మా వీధిలో సగం ఇళ్ళలాగే మాదీ పూతరేకుల ఇల్లు. నానమ్మ బోర్లించిన కుండ కింద మంట పెట్టుకుని, పల్చటి పిండిలో గుడ్డ ముంచి కుండ మీద అలా లాగితే, రెప్పపాటులో రేకు పైకి లేచేది. అమ్మ ఆ రేకుల్లో నెయ్యి, బెల్లంపొడి వేసి మడత పెట్టేది, నేను కాగితాల్లో చుట్టి డబ్బాల్లో సర్దేదాన్ని, నాన్న ఆ డబ్బాలు బండి మీద కట్టుకుని రావులపాలెం, రాజమండ్రి కొట్లకు వేసొచ్చేవాడు. నానమ్మకు ప్రపంచంలో ఒకే ఒక్క పాపం తెలుసు, చిరగడం. రేకు చిరిగినా, కాగితం చిరిగినా, ఆఖరికి నా పుస్తకం అట్ట చిరిగినా ఆవిడ మొహం ఒకేలా మాడిపోయేది. రేకుకు తొందరున్నా చేతికి తొందర ఉండకూడదనేది. నాకేమో పుట్టుకతోనే తొందర.

ఆ వేసవిలో పదో తరగతి పాసయ్యాను. మంచి మార్కులే వచ్చాయి. (ఎన్నో చెప్పను, చెబితే ఇంకో రెండు పేరాలు నన్నెవరూ ఆపలేరు.) రాజమండ్రిలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదవాలని నా ఆశ. మా బడిలో సైన్సు చెప్పే మేడమ్ కాలేజీ అప్లికేషన్ తెచ్చిచ్చి, నా పేరూ నాన్న పేరూ ఆవిడే దగ్గరుండి రాయించారు. మిగిలింది ఒక్కటే గడి, తండ్రి సంతకం. సోమవారం ఆఖరి రోజు. అమ్మ ద్వారా, నానమ్మ ద్వారా, నేరుగా, అన్నం పెట్టేటప్పుడు, బండి తుడిచేటప్పుడు, అన్ని రకాలుగా అడిగి చూశాను. పదకొండు సార్లు "చూద్దాంలే" అన్నాడు. నాన్నది చెడ్డ మనసు కాదు. కాదని అనలేడు, అలా అని సరే అనడానికి ముందు హాస్టల్ అంటే ఏమిటో ఎవరినైనా అడిగి తెలుసుకోవాలి, అడగడానికేమో మొహమాటం. నేను వెళ్తే డబ్బాలు ఎవరు సర్దుతారన్న బెంగ కూడా లేకపోలేదు. ఇదంతా ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం నా జీవితానికి అడ్డంగా "చూద్దాంలే" అనే మూడక్షరాలు నిలబడ్డాయని ఏడుపొచ్చేది.

సరిగ్గా ఆ ఆదివారం పెదనాన్న వాళ్ళు వస్తున్నారని కబురొచ్చింది. పెదనాన్న పెద్దకూతురు, అంటే మా అక్కకు, అప్పుడే తుని సంబంధం చేశారు. కొత్త దంపతుల చేత అన్నవరంలో వ్రతం చేయించి, అటునుంచి అటే మా ఇంటికొచ్చి నానమ్మ చేత అక్షింతలు వేయించుకుని వెళ్తారట. ఆ కబురు వినగానే నా బుర్రలో దీపం వెలిగింది. అంతకుముందు క్రిస్మస్‌కి మా క్లాసు అమ్మాయి వాళ్ళ చర్చిలో ఒక ఆట ఆడించారని చెప్పింది. ఒక బహుమతిని కాగితాల మీద కాగితాలు చుట్టి పార్సిల్ చేస్తారు. అందరూ గుండ్రంగా కూర్చుని, పాట వస్తున్నంతసేపూ చేతులు మారుస్తారు. పాట ఎవరి దగ్గర ఆగితే వాళ్ళు ఒక్క పొర విప్పాలి. ప్రతి పొరలో ఒక చాక్లెట్, ఒక చీటీ. చీటీలో ఏం రాసుంటే అది చెయ్యాలి. ఆఖరి పొర ఎవరు విప్పితే బహుమతి వాళ్ళది. నేనేం ఆలోచించానంటే, బహుమతి చోట నా అప్లికేషన్ పెడతాను, ఆఖరి పొర దగ్గర పాట నాన్న చేతిలో ఆగుతుంది, పెదనాన్న, పెద్దమ్మ, కొత్తల్లుడు అందరూ చూస్తుండగా నాన్న దాన్ని బయటికి తీస్తాడు. అంతమందిలో "చూద్దాంలే" అనలేడు కదా.

పాట ఆపే మనిషి కావాలి. పెదనాన్న రెండో కూతురు చిట్టి నా ఈడుదే. ఫోన్లో దానికి పథకం మొత్తం చెప్పి, ఒట్టు వేయించుకున్నాను. నేను వీపు మీది జడ ముందుకు వేసుకుంటే అది సైగ, వెంటనే పాట ఆపెయ్యాలి. పొరలు ఏడు పెట్టాను. బయట క్యాలెండర్ కాగితం, దాని లోపల అక్క పెళ్ళి కార్డు తాలూకు పెద్ద కవరు విప్పి చేసిన కాగితం, దాని లోపల న్యూస్‌పేపరు, మా మిఠాయి డబ్బాల మీద చుట్టే రంగు కాగితం, ఇలా ఇంట్లో ఉన్నవన్నీ. టేపు అయిపోతే అన్నం మెతుకులతో అంటించాను. చీటీలు మనుషుల్ని చూసి రాశాను. కోడిలా కూయాలన్నది పెదనాన్న కోసం (ఆయన గొంతు దానికి తగ్గట్టే ఉంటుంది), బస్సు కండక్టరులా టిక్కెట్లు కొట్టాలన్నది అక్క కోసం, ఒంటికాలి మీద గుమ్మం దాకా గెంతాలన్నది చిట్టి కోసం. ఇంకేం తోచక ఒక చీటీలో "ఎవరికీ చెప్పని కోరిక ఒకటి చెప్పాలి" అని రాసి పడేశాను. నట్టనడుమ పూతరేకుల డబ్బా, అందులో మడిచిన అప్లికేషన్. ఇంత తెలివి నాకెక్కడిదా అని ఆ సాయంత్రం నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఆదివారం అందరూ వచ్చారు. ప్రసాదం పంచారు, అక్షింతలయ్యాయి, భోజనాలయ్యాయి. వసారాలో చాపలు పరిచి అందర్నీ గుండ్రంగా కూర్చోబెట్టాను. కొత్తల్లుడుగారికి చాప మీద దుప్పటి, దుప్పటి మీద దిండు. బావ మంచివాడే గానీ పెళ్ళి పంచె ఇంకా ఒంటికి అలవాటు పడక, విగ్రహంలా కూర్చున్నాడు. ఆట ఎలా ఆడాలో రెండుసార్లు చెప్పాను. అందరూ బుద్ధిగా తలాడించారు. చిట్టి ఫోన్లో పాట పెట్టింది. పార్సిల్ కదిలింది. కంగారులో నా చెయ్యి జడ మీదికి దానంతటదే పోయింది, పాట ఆగింది. పార్సిల్ పెదనాన్న చేతిలో ఉంది. పర్వాలేదు, కోడి ఆయనదే అనుకున్నాను.

నా లెక్కలో ఒక్కటే తప్పు. ఆ ఆట కనిపెట్టినవాళ్ళు గోదావరి జిల్లాల్లో పుట్టలేదు. పెదనాన్న పార్సిల్ వైపు చూసి, అల్లుడుగారు ఎదురుగా ఉండగా ముందు తాను విప్పడం ఏం మర్యాద అంటూ దాన్ని బావకు అందించాడు. బావ ఉలిక్కిపడి, మీరు పెద్దవారు మావయ్యగారూ అంటూ వెనక్కి ఇచ్చాడు. పెదనాన్న మళ్ళీ ఇచ్చాడు. బావ దాన్ని మా నాన్నకు ఇచ్చాడు, నాన్న లేచి నిలబడి మరీ బావకే ఇచ్చేశాడు. పాట వస్తున్నప్పుడు నత్తలా నడిచిన పార్సిల్, పాట ఆగాక "మీరు విప్పండి", "అయ్యో మీరు విప్పండి" అంటూ పరుగులు పెట్టింది. పాట ఆగినవాళ్ళే విప్పాలండీ అని నేను మొత్తుకుంటూనే ఉన్నాను, ఎవరికీ వినబడలేదు. చివరికి బావే విప్పాడు. చాక్లెట్ వచ్చింది, చీటీ వచ్చింది. చీటీ చదివి ఆయన మొహం ఎర్రబడింది. పాపం, ఇచ్చిన మాట తప్పకూడదనుకున్నాడో ఏమో, మెడ చాచి నిజంగానే కోడిలా కూశాడు. ఎంత బాగా కూశాడంటే, మిట్టమధ్యాహ్నం పక్కింటి పుంజు జవాబిచ్చింది. పెద్దమ్మ నా వైపు చూసిన చూపు మాత్రం నేనింకా మర్చిపోలేదు.

"వ్రతం చేసుకొచ్చిన అల్లుడి చేత కోడికూత కూయిస్తావటే," అని అమ్మ నా తొడ మీద గిల్లింది.

రెండో పొర దగ్గర పాట చిట్టి దగ్గర ఆపించాను, అదైనా విప్పుతుందని. వాళ్ళమ్మ కళ్ళెర్ర చేస్తే అది కూడా బావకే ఇచ్చేసింది. మూడోది అక్క దగ్గర ఆగింది, అక్క సిగ్గుపడి మొగుడికే ఇచ్చింది. ఆ రకంగా మా బావ కూశాడు, ఒంటికాలి మీద గుమ్మం దాకా గెంతాడు, టిక్కెట్, టిక్కెట్ అంటూ వసారా అంతా తిరిగాడు. మూడు చాక్లెట్లూ ఒళ్ళో పెట్టుకుని, ఈ ఇంట్లో అల్లుళ్ళకు ఇదే సంప్రదాయం కాబోలు అన్నట్టు నాలుగోదానికి చెయ్యి చాచాడు.

నాలుగోసారి పాట నానమ్మ దగ్గర ఆగింది. ఆవిడ ఎవరికీ ఇవ్వలేదు. ఇవ్వడానికి ఆవిడకంటే పెద్దవాళ్ళు ఎవరున్నారు గనక. పార్సిల్ ఒళ్ళో పెట్టుకుని, అంటించిన చోటును బొటనవేలితో తడిమి, గోటితో ఒక్కో మెతుకూ ఊడదీసింది. చింపెయ్ నానమ్మా, చింపెయ్యడమే ఆట అని నేనూ చిట్టీ అరుస్తున్నాం. మమ్మల్ని పట్టించుకోలేదు. కాగితాన్ని ఎక్కడా చిరగకుండా విప్పి, తొడ మీద పెట్టి అరచేత్తో ముడతలు పోయేలా రాసి, నాలుగు మడతలు పెట్టి, చాప కింద దాచుకుంది. అంతటితో ఆగక, బావ విప్పి పారేసిన మూడు కాగితాలు కూడా ఏరించి తెప్పించుకుని వాటికీ అదే మర్యాద చేసింది. ఒక్క పొరకు పది నిమిషాలు. పెదనాన్న ఒక కునుకు తీసి లేచాడు.

నాలుగో చీటీ నేనే చదివి వినిపించాను. ఎవరికీ చెప్పని కోరిక ఒకటి చెప్పాలి. నాకేం కోరికలే అంటుందనుకున్నాం. నానమ్మ కాగితం మడత సరిచేసింది.

"అన్నవరం రైల్లో నాలుగుసార్లు వెళ్ళాను," అంది. "మనం దిగిపోతాం, అది ముందుకెళ్ళిపోద్ది. తుని అంట. తుని దాటాక ఏముంటదో చూడాలని ఉంటది."

బావకు ఇది బాగా నచ్చింది. "దానిదేముందండీ మామ్మగారూ, మా ఊరు రండి, నేను చూపిస్తాను," అన్నాడు.

"మీ ఊరు కాదు బాబూ. మీ ఊరు దాటాక."

అందరూ నవ్వేశారు. నేనూ నవ్వాను. అప్పుడు నా ధ్యాసంతా జడ మీదే ఉంది. అయిదూ ఆరూ కూడా నానమ్మ దగ్గరే ఆపించేశాను, ఇక పెద్దమ్మ చూపులు భరించలేక. మరో రెండు పది నిమిషాలు గడిచాయి, చాప కింద కాగితాలు ఆరయ్యాయి. మిగిలింది ఒక్క పొర. పాట మొదలైంది. పార్సిల్ పెదనాన్న దగ్గర్నుంచి పెద్దమ్మకు, పెద్దమ్మ నుంచి అమ్మకు, అమ్మ నుంచి నాన్నకు వచ్చింది. జడ ముందుకు వేసుకున్నాను. పాట ఆగింది.

నాన్న పార్సిల్ వైపు ఒక్కసారి చూసి, చిరునవ్వు నవ్వి, మనింట్లో బహుమతి మనమే తీసుకుంటే ఏం బావుంటుంది అంటూ రెండు చేతులతో అల్లుడుగారికి అందించాడు. ఇంటివాడు. వచ్చినవాళ్ళకు పెట్టేవాడే గానీ పుచ్చుకునేవాడు కాదు. నేను రోజుల తరబడి పన్నిన పన్నాగంలో మా నాన్న మా నాన్నేనన్న సంగతి ఒక్కటే మర్చిపోయాను. బావ అప్పటికే పొర అంచు పట్టుకున్నాడు.

"అది నాన్నే విప్పాలి," అని అరిచేశాను. ఆట గొంతు కాదది, ఏడుపు గొంతు. అల్లుడి చేతిలోది లాక్కోవడమేంటని పెద్దమ్మ మొహం ముడుచుకుంది. నాన్న తలదించుకున్నాడు, అందరి ముందూ ఇలా పరువు తీశానని. నానమ్మ చెయ్యి చాచి, ఇలా తే బాబూ అని బావ దగ్గర పార్సిల్ తీసుకుంది. ఆఖరి కాగితం కూడా మెతుకు మెతుకూ విప్పింది, మడత పెట్టింది. డబ్బా మూత తీసింది. లోపలి అప్లికేషన్‌ని తిప్పి తిప్పి చూసింది. ఆవిడకు చదువు రాదు. బావకు ఇచ్చి చదవమంది. బావ గొంతు సవరించుకుని చదివాడు. కాలేజీ పేరు, నా పేరు, నాన్న పేరు, గ్రామం, మండలం. ఆఖర్న తండ్రి సంతకం అని చదివి, అక్కడ ఖాళీగా ఉందండీ అన్నాడు. అందరూ నాన్న వైపు తిరిగారు.

నాన్న మెడ రాసుకుని, "ఇంటికొచ్చిన వాళ్ళ ముందు ఇప్పుడెందుకే, తర్వాత చూద్దాం..." అన్నాడు. 'లే' ఇంకా నోట్లోనే ఉంది.

"ఒరేయ్ చిన్నోడా," అంది నానమ్మ. "ఆట రూలు రెండుసార్లు చెప్పింది పిల్ల. పాట ఎవరి దగ్గర ఆగితే వాళ్ళు చెయ్యాలంది. నీ దగ్గరే ఆగింది. నేను విన్నాను."

అంతమందిలో ఆట అర్థమైంది ఆవిడ ఒక్కదానికే. నాన్న అమ్మ వైపు చూశాడు. డబ్బాలు నేను సర్దుకుంటాలెండి, అంది అమ్మ నేల చూస్తూ. పెదనాన్న, హాస్టల్ సంగతులు నేను కనుక్కుంటాలేరా అన్నాడు. బావ జేబులోంచి పెన్ను తీసి మూత విప్పి ఇచ్చాడు. నాన్న పూతరేకుల డబ్బా బల్లలా ఒళ్ళో పెట్టుకుని, ఒక్కో అక్షరం కొలిచినట్టు రాసి, "అడిగితే పెట్టేవాణ్ణి కదే," అన్నాడు. పదకొండు సార్లు అని చిట్టి అనేసింది. ముందు నవ్వింది నాన్నే. తర్వాత డబ్బా అడుగంతా వెతికి, మరి నాకు చాక్లెట్ ఏదీ అని అడిగాడు. ఆఖరి పొరలో చాక్లెట్ పెట్టడం నేను మర్చిపోయాను. బావ తనవి మూడూ ఇచ్చేశాడు. నాన్న వద్దన్నాడు. మళ్ళీ ఒక చుట్టు తిరిగాయవి.

రాజమండ్రి హాస్టల్‌కు నెలకోసారి నానమ్మ పూతరేకులు పంపేది. అవి చుట్టొచ్చే కాగితాలు ఆ ఏడే. ఒక నెల న్యూస్‌పేపరు, ఒక నెల పెళ్ళి కార్డుది. కాగితాలు వెనక్కి పంపమని నాన్నతో చెప్పించేది. ఆకలి మీద మా గది పిల్లలం చర్రున చింపేసేవాళ్ళం. అలా ఆరు పోయాయి.

ఇంటరయ్యాక డిగ్రీ విశాఖపట్నంలో వచ్చింది. అంటే రైలు తుని దాటాలి. మొదటిసారి వెళ్ళొచ్చినప్పుడు ఏముందే అక్కడ అని నానమ్మ అడిగితే, ఏముంటుంది, ఊళ్ళే అన్నాను. ఈసారి నేనూ రానా అని దసరా సెలవల్లో ఒకసారి అడిగింది, పరీక్షలున్నాయి నానమ్మా, చూద్దాంలే అన్నాను. వేసవిలో మళ్ళీ అడిగింది, ఎండలు తగ్గనీ, చూద్దాంలే అన్నాను. మోకాళ్ళకు నూనె రాసుకుంటూ మూడోసారి అడిగినప్పుడు ఏమన్నానో మీరే ఊహించుకోండి. రెండో సంవత్సరం వానల్లో నానమ్మ వెళ్ళిపోయింది. దినాలయ్యాక తిరిగి కాలేజీకి వెళ్తుంటే, రైలు తునిలో ఆగి కదిలినప్పుడు తెలిసింది, అది నాన్న మాట అని. నాన్న పదకొండు సార్లు అని ఒక్కసారి సంతకం పెట్టాడు. నేను మూడు సార్లే అన్నాను గానీ, నా దగ్గర పాట ఎవరూ ఆపలేదు. తుని దాటాక ఏముంటుందో ఇప్పుడు నాకు కంఠతా వచ్చు. ఎడమచేతి వైపు కొండలు దగ్గరికొస్తాయి, నేల ఎర్రబడుతుంది, జీడిమామిడి తోటలు, తాటిచెట్లు, వాటి మధ్య మన దగ్గర చూడని రకం నల్లటి బండలు. ఊళ్ళే అన్నాను కదా. కాదు నానమ్మా, చాలా ఉంది.

నిన్న రిజల్ట్ చూసి వీధంతా తిరిగి చెప్పొచ్చాను. (చెప్పినవాళ్ళకే రెండోసారి చెప్పానట.) వచ్చే ఆదివారం పెదనాన్న వాళ్ళు వస్తున్నారు. పార్సిల్ కడుతున్నాను, మళ్ళీ ఏడు పొరలే. మిగిలిన ఆ ఒక్క పాత కాగితం, రంగు వెలిసిన క్యాలెండరుది, ఆఖరి పొర. లోపల అప్లికేషన్ లేదు, సర్టిఫికెట్లు తెచ్చుకోవడానికి అమ్మకూ నాన్నకూ నాకూ విశాఖపట్నానికి తీసిన రైలు టిక్కెట్ల కాగితం ఉంది. నాన్నను ముందుగా అడగలేదు, అడిగితే ఏమంటాడో తెలుసు కదా. పదిహేనేళ్ళప్పుడు ఆ పిల్ల ఒక్క సంతకం కోసం ఎన్ని మెతుకులు అంటించిందో తలుచుకుంటే నవ్వొస్తోంది. నానమ్మ కోరిక చీటీ చదివి, చాక్లెట్ ఆవిడ చేతిలో పెట్టేసి, తర్వాతి పొరకు తొందరపడింది కూడా ఆ పిల్లే.

మూడు సీట్లలో ఒకటి కిటికీ పక్కది. ఎడమవైపుదే దొరికింది. రైలెక్కాక అక్కడ నువ్వు కూర్చో అని నాన్న అమ్మతో అంటాడు, మీరు కూర్చోండి అని అమ్మ అంటుంది, పిల్ల కూర్చుంటుందిలే అని ఇద్దరూ అంటారు, నేను మీరే కూర్చోండంటాను. మావాళ్ళ సంగతి తెలిసిందే కదా, సామర్లకోట వెళ్తుంది, అన్నవరం వెళ్తుంది, అది తేలదు. ఈసారి తేల్చమని నేనూ తొందరపెట్టను. మిగతా రెండు సీట్లలో ముగ్గురం ఇరుక్కుని, తుని దాటాక కూడా ఆ సీటు అలాగే ఖాళీగా ఉండనిస్తాను.